చప్పుడు కాని పెట్టె కోసం చిక్కడపల్లికి

2012 నవంబరు 20 నుంచి 22 దాకా, మంగళ బుధ గురువారాలు, నేను హైదరాబాదులో ఉన్నాను. చార్మినారు చూడలేదు. హుస్సేన్‌సాగర్‌లోని బుద్ధుణ్ణి బస్సు కిటికీలోంచి చూశాను. తక్కిన కాలమంతా చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్‌ల మధ్యే గడిచింది. వెళ్లింది ఒక చెక్కపెట్టె కోసం. ఆ పేటల్లో చూడవలసినదేముంది అని అడిగిన వాళ్లకి ఇదే నా జవాబు.

బయలుదేరక ముందు

మాది సామర్లకోట. మా వారు డ్రాయింగు మాస్టారుగా, నేను లెక్కల టీచరుగా చేసి రిటైరయ్యాం. ఆయనకి బడి పని కాక మరో విద్య ఉంది, మ్యాజిక్. 1978 నుంచి జిల్లాలోని బడుల్లో వార్షికోత్సవాలకి ప్రదర్శనలు ఇచ్చారు. ప్రతి ప్రదర్శనలోనూ నేను బల్లకి ఎడమ పక్కన, ఆయనకి ఒక అడుగు వెనక నిలబడేదాన్ని. రుమాలు అందించడం, వాడేసిన వస్తువు అందుకోవడం నా పని. సొంతంగా ఒక్క ఐటమ్ కూడా ఎప్పుడూ చెయ్యలేదు.

2009లో ఆయన కుడిచెయ్యి వణకడం మొదలైంది, తర్వాతి ఏడాది ఎడమది. మందులు వాడుతున్నారు. అయినా ప్రదర్శనలు మానలేదు. 2012 ఫిబ్రవరిలో ఒక బడిలో వేళ్ల మధ్య దాచిన ఎర్రబంతి జారి కింద పడింది. ముందు వరసలోని పిల్ల లేచి, బంతి తీసి, గౌనుకి తుడిచి, "ఇదిగోండి మాస్టారూ" అని చేతికిచ్చింది. హాల్లో ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే ఆయన ఆ పూట అన్నం తినేవారు. ఇంటికి రాగానే సామాను ట్రంకులో పెట్టి అటక ఎక్కించేశారు.

అదే బడి హెడ్మిస్ట్రెస్ డిసెంబరు వార్షికోత్సవంలో పది నిమిషాలు ఏదైనా చెయ్యమని మళ్లీ అడిగింది. ఆయన వెంటనే కాదనలేదు, ఔననలేదు. "ఈ చేతులతో అయ్యే ఐటమ్ ఒక్కటి దొరికితే చేస్తాను. దొరక్కపోతే ఇక ఎవరూ అడగొద్దని చెప్పేస్తాను" అన్నారు. జవాబు కోసం ఆవిడ నవంబరు 23, శుక్రవారం వస్తానంది.

చేతులు చెయ్యలేని పని చెక్క చేస్తుందని నా ఆలోచన. చిక్కడపల్లిలో వీరాచారి అనే వడ్రంగి మ్యాజిక్ సామాను చేస్తాడని మా వారి పాత స్నేహితుడొకరు నంబరు ఇచ్చారు. నేనే ఫోన్ చేసి, మా వారి చేతుల సంగతి చెప్పి, సొరుగు పెట్టె కావాలన్నాను. ఖాళీ సొరుగు చూపించి, మూసి, మళ్లీ లాగితే దాని నిండా పువ్వులుంటాయి. "టేకుతో చెయ్యండి. బరువుగా ఉండాలి, వణుకు తెలియకూడదు. చప్పుడు అసలే రాకూడదు" అని రెండుసార్లు చెప్పాను.

చదివేవారికి ఒక మాట. పెట్టెల లోపలి పనితనం గురించి నేను రాయను. అది ఆ విద్య మీద బతికే వాళ్ల సొత్తు.

చిక్కడపల్లి, మంగళవారం

గాంధీనగర్‌లో మా పిన్ని కూతురింట్లో దిగి, స్నానం చేసి, చిక్కడపల్లికి నడిచే వెళ్లాను. మంగళవారం ఉదయానికే అక్కడి పెద్ద లైబ్రరీ మెట్ల మీద, చెట్ల కింద, మోటారు సైకిళ్ల సీట్ల మీద కూడా కుర్రవాళ్లూ ఆడపిల్లలూ పుస్తకాలు తెరిచి కూర్చుని ఉన్నారు. అందరూ గవర్నమెంటు ఉద్యోగాల పరీక్షలకి చదువుతున్నారట. పేవ్‌మెంటు మీద అమ్మేవి కూడా ఆ పుస్తకాలే. బండి దగ్గర ఇడ్లీ తిన్నాను, ప్లేటు ఇరవై రూపాయలు. మా వైపు అల్లం పచ్చడి వేసే చోట ఇక్కడ పల్లీ చట్నీ, అదీ ఇడ్లీ మునిగేటట్టు పోస్తారు. ఇడ్లీని వెతుక్కోవలసి వచ్చింది కానీ రుచి బాగుంది.

వీరాచారి ఇల్లు లైబ్రరీ దాటాక ఒక సందులో ఉంది. ముందు గదిలో ద్వారబంధాలు, దేవుడి మందిరాలు. వెనక గదిలో అసలు సరుకు. ఎర్ర రంగు, బంగారు గీతలు వేసిన గొట్టాలు, మూతలున్న గిన్నెలు, కత్తులు దూర్చే పెద్ద పెట్టె ఒకటి. గదంతా టేకు పొట్టు వాసన. ఆయనకి అరవై దాటి ఉంటాయి, చెవి మీద పెన్సిలు.

"రాండ్రి అమ్మా, కూసోండ్రి. ముందుగాల చాయ్ తాగుండ్రి, పెట్టె యాడికి పోతది" అన్నాడు.

మా వైపు టీ ఇవ్వమంటారా అని అడుగుతారు. ఇక్కడ అడగరు, గ్లాసు చేతిలో ఉంటుంది.

సొరుగు పెట్టె నేను చెప్పినట్టే ఉంది. మూలలు చేత్తో తడిమి చూశాను, ఎక్కడా పెచ్చు లేదు. అడ్వాన్సు పోను మిగతా డబ్బు తీయబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆగుండ్రి. నా కాడ ఒక రివాజున్నది. సామాను కొనేటోళ్లు ఇక్కడ్నే ఒక కొత్త మనిషి ముంగట చేసి చూపియ్యాలె. ఆ మనిషి పట్టేసిండంటె పెట్టె నా కాడనే ఉంటది."

"ఇంత దూరం నుంచి వచ్చాక కూడానా?"

"మీరు దూరంకెల్లి వచ్చిన్రని సూసెటోళ్లకు తెల్వదు గదమ్మా. స్టేజి మీద పట్టువడ్తె నవ్వులపాలయ్యేది మీరు, పేరు పోయేది నాది."

న్యాయంగానే అనిపించింది.

కొత్త కన్ను

ఆ పరీక్షని వీరాచారి కొత్త కన్ను అంటాడు. వాకిట్లోకి వెళ్లి సందులో పోతున్న ఒక ఆడపిల్లని పిలుచుకొచ్చాడు. పేరు స్వప్న. నాగర్‌కర్నూల్ దగ్గర పల్లెటూరు. అశోక్‌నగర్ హాస్టల్లో ఉండి పరీక్షలకి చదువుతోంది, లైబ్రరీకి పోతూ దొరికింది.

"టైం పడ్తదా అన్నా? నాకు సీటు పోతది" అంది.

"రెండు నిమిషాలు బిడ్డా. పెద్దమ్మ ఏదో చూపిస్తది, సూడు. అనుమానమొస్తె మొకమాటం లేకుంట చెప్పు" అని, నా వైపు తిరిగి, "సార్ చేతులెట్ల ఆడ్తయో గట్లనే చెయ్యుండ్రి. మంచి చేతులతోని చేస్తె ఏం ఫాయిదా?" అన్నాడు.

ఆ చెయ్యి నాకు బాగా తెలుసు. బొటనవేలు చూపుడువేలి మీద ఏదో నలుపుతున్నట్టు ఆడుతూ ఉంటుంది, మణికట్టు దగ్గర మొదలై పైకి పాకుతుంది. పప్పు గిన్నె అందిస్తూ రోజూ చూస్తాను. పరాయి వాళ్ల ముందు దాన్ని చేసి చూపించవలసి వస్తుందని అనుకోలేదు. చేశాను. సొరుగు లాగి ఖాళీగా ఉందని చూపించి, మూసి, మళ్లీ లాగాను. కాగితం పువ్వులు వచ్చాయి.

స్వప్న పువ్వుల వైపు చూడలేదు. "లోపలేందో తగుల్తున్నది పెద్దమ్మా. టక్కుటక్కుమన్నది" అంది.

వీరాచారి నుదురు కొట్టుకున్నాడు. "ఏం చెవులమ్మా అవి. నీకు నౌకరి తప్పకొస్తది పో."

"చెవుల పరీక్ష లేదన్నా, లెక్కలున్నయి. అవే పరేషాన్ చేస్తున్నయి" అంది.

లెక్కలంటే నేను ఊరుకోలేను. గురువారం వచ్చి కొన్ని చెబుతానన్నాను. హాస్టలు సందు ఎక్కడో చెప్పి పరుగెత్తింది.

నారాయణగూడ, బుధవారం

చప్పుడు పోవాలంటే లోపల మఖ్మల్ అతికించాలని వీరాచారి తేల్చాడు. బుధవారం ఇద్దరం నారాయణగూడ వెళ్లాం. ఆయన నడక కొలత వేసినట్టు ఉంటుంది, నేను వెనకబడ్డప్పుడల్లా ఏదో ఒక తలుపు దగ్గర ఆగి దాని చెక్క ఏమిటో చెప్పేవాడు. మామిడి చెక్కకి టేకు రంగు పూసిన తలుపు ఒకటి చూపించి, "ఇది కూడ మ్యాజిక్కే, గని దీనికి చప్పట్లు కొట్టరు" అన్నాడు.

మఖ్మల్ దుకాణంలో నేను నలుపు అడిగాను, ఆయన ఎరుపు అడిగాడు. నలుపు తీసుకున్నాం. తర్వాత ఇరానీ హోటల్లో కూర్చున్నాం. చాయ్ సాసర్లో పోసుకుని తాగడం నాకు అలవాటు లేదు. పక్క బల్ల మీది పెద్దమనిషిని చూసి ప్రయత్నించి, సగం చీర మీద పోసుకున్నాను. లేత పసుపు గద్వాల చీర. ఆ పెద్దమనిషి ఉప్పు డబ్బా నా వైపు జరిపి, "వెంటనే రుద్దుండ్రి అమ్మా" అని మళ్లీ పేపరు చదువుకున్నాడు. మరక పోలేదు, అంచు దగ్గర ఇప్పటికీ కనిపిస్తుంది. ఉస్మానియా బిస్కెట్లు మాత్రం పావుకిలో కొని తెచ్చాను. మా వారికి వాటిలో ఉప్పూ తీపీ కలిసి ఉండడం నచ్చలేదు, కానీ మిగల్చలేదు.

మధ్యాహ్నానికి మఖ్మల్ అతికించడం అయింది. చేతులు వణికిస్తూ సొరుగు లాగాను. చప్పుడు లేదు. సొరుగు కూడా రాలేదు. గుడ్డ మందానికి బిగుసుకుపోయింది. ఇంకాస్త గట్టిగా లాగేసరికి ఊడి వచ్చి నేల మీద పడింది, లోపల ఏముండాలో అదంతా బయటపడింది. వదులు చేస్తే మోగుతుంది, బిగిస్తే ఊడుతుంది. మా వారి చేతుల్లో స్టేజి మీద ఏమవుతుందో వేరే చెప్పుకోనక్కర్లేదు.

సాయంత్రం ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను.

"పోనీలే కామేశ్వరీ. ఆ పిల్లకి ఈసారి బంతి ఏరిచ్చే పని తప్పుతుంది" అన్నారు. "శుక్రవారం ఆవిడ వస్తే నేనే చెబుతాను, నువ్వు కల్పించుకోకు" అన్నారు.

అశోక్‌నగర్, గురువారం

రాత్రికి రైలు. ఉదయం వీరాచారికి చెప్పి వద్దామని వెళ్లాను. నేను ముందు పంపిన అడ్వాన్సు మొత్తం తిరిగి ఇచ్చేసి, మఖ్మల్ ఖరీదు కూడా తానే పెట్టుకున్నాడు. నేను లేవబోతుంటే అటక మీంచి అరచేతిలో పట్టే చిన్న పెట్టె ఒకటి దించి దుమ్ము దులిపాడు. జారుడు మూత, పాలిష్ కూడా పెట్టలేదు.

"వట్టి చేతులతోని పోవద్దమ్మా. ఎవరన్న పిల్లలకియ్యుండ్రి" అని, అందులో ఒక రూపాయి వేసి, మూసి, ఊపాడు. రూపాయి లోపల గలగలలాడింది. మూత తెరిస్తే ఖాళీ. కిటుకు కూడా చెప్పాడు.

బాగానే ఉంది. కానీ నేను వచ్చింది చప్పుడు కాని పెట్టె కోసం. చేతిసంచిలో పడేసుకుని, స్వప్నకి ఇచ్చిన మాట కోసం అశోక్‌నగర్‌కి ఆటో ఎక్కాను. ముప్పై రూపాయలకి ఒప్పుకున్నాడు. ఎక్కడో రోడ్డు తవ్వి వదిలేశారు. ఆటో ఎగిరిపడుతుంటే సంచి ఒళ్లో పెట్టుకుని రెండు చేతులతో పట్టుకున్నాను.

కాసేపటికి డ్రైవరు అద్దంలోంచి చూశాడు. "అమ్మా, సంచిల చిల్లర మస్తు పెట్టుకున్నట్టున్నరు. గట్ల మోగేటట్టు పెట్టుకోవద్దు. గుంజుకపోతరు ఈడ."

"చిల్లర కాదు నాయనా, ఖాళీ పెట్టె."

"సరే తియ్. చెప్పకుంటె చెప్పకపోండ్రి. నేనేమన్న అడుగుతున్ననా?"

నొచ్చుకున్నాడని సిగ్నల్ దగ్గర పెట్టె తీసి, మూత తెరిచి చూపించాను. వెనక్కి తిరిగి ఖాళీ పెట్టె చూశాడు, నా సంచి చూశాడు, నన్ను చూశాడు. "మరి గిప్పటిదాంక మోగింది ఏంది?" అన్నాడు. వెనక బండ్లు హారన్ కొట్టేదాకా కదల్లేదు.

నేను మూత మూసి పెట్టెని ఒళ్లో పెట్టుకున్నాను. ఆటో కదిలింది, పెట్టె మళ్లీ మోగింది. నేను ఏమీ చెయ్యలేదు. చేతులు ఊగాయి, అంతే. ఎదుటి మనిషి లోపల డబ్బుందని ప్రమాణం చేసేటంతగా నమ్మాడు.

స్వప్న హాస్టలు కింద టిఫిన్ సెంటర్లో కూర్చుని ఉంది. రెండు రైళ్ల లెక్కలు, పనీ కాలం లెక్కలు చెప్పాను. పిల్ల చురుకైనదే, ఎవరో సూత్రాలు బట్టీ పట్టించి పాడుచేశారు. బొమ్మ గీసుకోమన్నాక తనే చెయ్యడం మొదలుపెట్టింది. అవయ్యాక ఒక రూపాయి ఇమ్మన్నాను. ఆమె కళ్ల ముందే పెట్టెలో వేసి, మూసి, మా వారి చేతులతో పట్టుకున్నాను. నా చేతులు ఆయన చేతుల్లా ఆడాయి.

"ఉందా?"

"ఉన్నది. వినపడ్తున్నది గదా."

మూత తెరిచాను. స్వప్న పెట్టె లాక్కుని తిరగేసింది, చెవి దగ్గర పెట్టుకుంది, వాసన కూడా చూసింది. "ఏడ పోయింది పెద్దమ్మా?"

"నా చేతులు వణుకుతున్నాయి కదా. నీకు అనుమానం రాలేదా?"

"వణుకుడేంది? నాకు వినపడాలని ఊపుతున్నరు గదా" అంది.

మంగళవారం నన్ను పట్టేసింది ఈ చెవులే. నేను అక్కడినుంచే వీరాచారికి ఫోన్ చేసి జరిగింది చెప్పాను. అవతల కొంతసేపు రంపం చప్పుడు, తర్వాత అదీ ఆగిపోయింది.

"మీరు చప్పుడొద్దు, చప్పుడొద్దు అన్నరు. నేను గదే పట్టుకొని కూసున్న" అన్నాడు. "వాపస్ తీస్కరాండ్రి. గిఫ్టు అనుకొని పాలిష్ లేకుంట ఇచ్చిన. స్టేజి మీదికి పోయేదైతె గట్ల పోవద్దు."

"డబ్బు తీసుకుంటారా మరి?"

"గిఫ్టుగ అయితె ఊకెనే. ఐటంగ అయితె మూడు వందల యాభై."

సాయంత్రానికి పాలిష్ పెట్టి, మూత అంచు సార్ వేలికి దొరికేటట్టు కొంచెం గాడి తీసి ఇచ్చాడు. సందు చివరిదాకా వచ్చి ఆటో మాట్లాడి, "సార్ చేసినంక ఫోన్ చేయుండ్రి" అన్నాడు.

ఇంకో చిక్కు మిగిలే ఉంది. అది రైల్లో కూర్చున్నాక గుర్తొచ్చింది. మాయమైన రూపాయిని ఆ తర్వాత ఒక చెయ్యి దాచాలి. ఆ చెయ్యి మాత్రం వణక్కూడదు. ఇంతకంటే వివరంగా రాయను. అశోక్‌నగర్‌లో నా చేతిలోంచే అది జారబోయింది. రాజమండ్రి వంతెన దాటేదాకా నాకు నిద్ర పట్టలేదు.

సామర్లకోట, శుక్రవారం

స్టేషనుకి మా వారు వచ్చారు. బయట టీ బండి దగ్గర నిలబడ్డాం. టీ అయిదు రూపాయలే, మళ్లీ అల్లం వాసన. బండి అబ్బులు మాకు చాలా ఏళ్లుగా తెలుసు.

పెట్టె ఆయన చేతిలో పెట్టి చెవిలో నాలుగు ముక్కలు చెప్పాను. మూత జరిపి చూశారు, వేలు గాడిలో పడింది. పెట్టెని కాసేపు అలాగే పట్టుకున్నారు. తర్వాత గొంతు సవరించుకున్నారు. ఫిబ్రవరి తర్వాత ఆ స్టేజి గొంతు నేను వినలేదు.

"అబ్బులూ, ఒక రూపాయి ఇయ్యి."

"ఎందుకండీ మేస్టారూ?"

"ఇయ్యవయ్యా."

అబ్బులు చిల్లర డబ్బాలోంచి రూపాయి తీసిచ్చాడు. ఆయన దాన్ని పెట్టెలో వేసి మూసి, రెండు చేతులతో ముందుకి పట్టుకున్నారు. చేతులు వణికాయి. రూపాయి గలగలలాడింది.

"ఉందా?"

"ఉందండి. ఇనపడతంది కదండీ."

ఆయన చేతులు ఆపడానికి ప్రయత్నించలేదు. ఇంట్లో గ్లాసు పట్టుకున్నా, పెన్ను పట్టుకున్నా ఒక చెయ్యి రెండో దాన్ని అదిమి పెడుతుంది. అప్పుడు అదమలేదు. వాటి మానాన వాటిని ఆడనిచ్చారు, పెట్టె మోగుతూనే ఉంది. తర్వాత జేబులోంచి రుమాలు తీసి నుదురు తుడుచుకుని, చూడకుండానే ఎడమ పక్కకి చాపారు. నేను అందుకున్నాను. అప్పుడు గమనించాను, ఎవరూ చెప్పకుండానే ఆయనకి ఎడమ పక్కన, ఒక అడుగు వెనక నిలబడి ఉన్నాను.

మూత తెరిచారు. అబ్బులు పెట్టెలోకి వంగి చూశాడు, నేల చూశాడు, మేస్టారి జేబు చూశాడు.

"నా రూపాయేదండీ?"

"నన్నడుగుతావేం? పెట్టెనడుగు."

"ఇదేంటండి బాబూ, పొద్దున్నే బేరం" అని నవ్వుతూ అబ్బులు మా ఖాళీ గ్లాసుల కోసం చెయ్యి చాచాడు. నేను నా గ్లాసు చేతికివ్వకుండా బండి చెక్క మీద పెట్టాను. తీశాడు, అలాగే ఆగిపోయాడు. గ్లాసు కింద రూపాయి ఉంది.

మా వారు అబ్బుల్ని కాదు, నన్ను చూశారు.

రిక్షా ఎక్కాక అన్నారు. "గ్లాసు ఐటమ్‌లో లేదు."

"లేదు."

"బల్ల మీద పెట్టాలంటే నువ్వు ఒక అడుగు ముందుకి రావాలి."

"వస్తాను."

మధ్యాహ్నం హెడ్మిస్ట్రెస్ వచ్చేసరికి అటక మీది ట్రంకు వసారాలో ఉంది. పెట్టె బల్ల మీద ఉంది, దాని పక్కన మా ఇంటి స్టీలు గ్లాసు. ఆవిడ పది నిమిషాలు చాలు మాస్టారూ అంది. ఆయన పన్నెండు కావాలన్నారు.